అమెరికా గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు: అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షలకు పాలిటీ చెబుతుంటాను. అమెరికా సమాఖ్య పాఠంలో 'గవర్నర్' అనే మాట దగ్గరికి రాగానే సగం క్లాసు రాజ్‌భవన్‌కి వెళ్లిపోతుంది. అందుకే ఈమధ్య అక్కడి విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నర్ టోనీ ఎవర్స్ కథతో మొదలుపెడుతున్నాను.

అపోహ: గవర్నర్‌ని అధ్యక్షుడు నియమిస్తాడు.

వాస్తవం: నియమించడు, తీసేయలేడు, బదిలీ చేయలేడు. గవర్నర్ నియామకం, పదవీకాలం గురించి మన రాజ్యాంగంలో ఉన్న 155, 156 అధికరణాలను అక్కడికి మోసుకెళ్లొద్దు. అక్కడ గవర్నర్‌ని జనమే ఎన్నుకుంటారు. 2018లో ఎవర్స్ అప్పటి గవర్నర్ స్కాట్ వాకర్‌ని దాదాపు 29 వేల ఓట్ల తేడాతో ఓడించారు. 2022లో మళ్లీ గెలిచారు.

అపోహ: రాజకీయాల్లో పండిపోయినవాళ్లకే ఆ పదవి.

వాస్తవం: ఎవర్స్ 1951లో ప్లిమత్ అనే ఊళ్లో పుట్టారు. చీజ్‌కి పేరున్న ఊరు. కుర్రతనంలో తన మొదటి పని చీజ్ మీది బూజు గీకడమేనని ఆయనే చెబుతుంటారు. తర్వాత సైన్స్ టీచర్, ప్రిన్సిపాల్, స్కూల్ జిల్లాకు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) సూపరింటెండెంట్. ఆ రాష్ట్రంలో పాఠశాల విద్యకు అధిపతిని కూడా జనమే ఎన్నుకుంటారు. (మన డీఈఓ ఇంటింటికీ తిరిగి ఓట్లడగడం ఊహించుకోండి!) ఆ పదవికి 1993లో, 2001లో పోటీచేసి ఓడిపోయి, 2009లో గెలిచారు. గవర్నర్ అయ్యేదాకా అందులోనే ఉన్నారు.

అపోహ: అయితే మన సీఎం లాంటివాడే కదా సార్!

వాస్తవం: చాలావరకు అంతే. చిక్కల్లా ఒక్కటే. మన సీఎంకి అసెంబ్లీలో బలం పోతే కుర్చీ పోతుంది. ఎవర్స్ డెమొక్రాట్, ఆయన వచ్చిన నాటినుంచీ రాష్ట్ర చట్టసభలు రెండూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి. అయినా కుర్చీ కదల్లేదు. అక్కడ అవిశ్వాస తీర్మానమే లేదు. కాకపోతే ఆయన ప్రమాణం చేయకముందే, 2018 డిసెంబరులో, కొత్త గవర్నర్ అధికారాలకు కత్తెర వేస్తూ సభలు బిల్లులు పాస్ చేస్తే, దిగిపోతున్న వాకర్ సంతకం పెట్టేశారు.

అపోహ: వీటో అంటే బిల్లు మొత్తాన్ని తిప్పికొట్టడమే.

వాస్తవం: ఇక్కడ నేను డస్టర్ తీసుకుంటాను. 2023 బడ్జెట్ బిల్లులో సభలు 2023-24, 2024-25 విద్యాసంవత్సరాలకు స్కూల్ జిల్లాల ఆదాయ పరిమితిని (రాష్ట్ర సాయం, ఆస్తి పన్ను కలిపి అవి రాబట్టుకోగల సొమ్ముకి హద్దు) ఏటా ఒక్కో విద్యార్థికి 325 డాలర్ల చొప్పున పెంచాయి. బోర్డు మీద 2024-25 అని రాస్తాను. మొదటి 20ని, మధ్యలో గీతని చెరిపేసి, మిగిలింది చదవమంటాను. 2425! ఎవర్స్ చేసింది అదే. రెండేళ్ల పెంపు నాలుగు వందల ఏళ్లకు సాగింది.

విస్కాన్సిన్‌లో డబ్బు కేటాయించే బిల్లుల్లో గవర్నర్ కొంత భాగాన్నే కొట్టేయవచ్చు, 1930 నుంచి ఈ పాక్షిక వీటో ఉంది. గవర్నర్లు దాన్ని ఎంత సాగదీశారంటే, అక్షరాలు చెరిపి కొత్త మాట పుట్టించకూడదని 1990లో, వాక్యాల ముక్కలు అతికించి కొత్త వాక్యం చేయకూడదని 2008లో రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది. ఆ సవరణల్లో అంకెల ఊసు లేదు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తీర్పుతో ఈ వీటో చెల్లుతుందంది.

తెలివికి దండం పెట్టాల్సిందే, కానీ నాకు మాత్రం మింగుడుపడదు. అది సర్కారు ఇచ్చే గ్రాంటు కాదు, పరిమితి మాత్రమే. రాష్ట్రం సాయం పెంచకపోతే ఆ భారం ఇళ్లవాళ్ల ఆస్తి పన్ను మీదే పడుతుంది.

అపోహ: లెఫ్టినెంట్ గవర్నర్ అంటే పుదుచ్చేరిలో లాగే.

వాస్తవం: కాదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరి నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. గవర్నర్ వెస్ మూర్‌తో ఒకే టికెట్ మీద గెలిచారు. గవర్నర్ పదవి ఖాళీ అయితే ఆ కుర్చీ ఆమెదే.

అపోహ: ఏ రాష్ట్రంలోనైనా ఒకరు గవర్నర్ అయ్యేది రెండుసార్లే.

వాస్తవం: రాష్ట్రాన్ని బట్టి. వర్జీనియాలో వరుసగా రెండోసారి కుదరదు. విస్కాన్సిన్‌లో పరిమితే లేదు, టామీ థాంప్సన్ నాలుగుసార్లు గెలిచారు. ఎవర్స్ మాత్రం మూడోసారి పోటీచేయనని 2025 జులైలో చెప్పేశారు.