కొటియా చిక్కుముడి 1934లో పడింది

కొరాపుట్ జిల్లా పొట్టంగి సమితి (మన మండలం లాంటిది)లోని కొటియా గ్రామాలు మావంటే మావని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మళ్లీ తలపడుతుంటే, చర్చంతా 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన యథాతథ స్థితి ఉత్తర్వు దగ్గరే మొదలవుతోంది. అసలు ముడి అంతకు ముప్పై నాలుగేళ్ల ముందు లండన్‌లో పడింది.

పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి, ఒడియా ప్రజలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని బ్రిటిష్ పాలకుల ఎదుటే అడిగారు. 1933 నాటి బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం జయపురాన్నీ పర్లాకిమిడినీ ఆ రాష్ట్రానికి వెలుపలే ఉంచింది. మరుసటి ఏడాది బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త కమిటీ ఆ నిర్ణయాన్ని మార్చి, జయపురం ఎస్టేటును, పట్టణంతో సహా పర్లాకిమిడి ఎస్టేటులో కొంత భాగాన్ని ఒడిశాకు చేర్చింది. గిడుగు రామమూర్తి సవర భాషను అధ్యయనం చేసిన పర్లాకిమిడి ఒక రాష్ట్రానికి, దాన్ని ఆనుకున్న పాతపట్నం మరో రాష్ట్రానికి పోవడం ఇక్కడి తెలుగువారికి నేటికీ మానని గాయమే. మహారాజు 1937లో ఒడిశా తొలి ప్రధాని (నేటి ముఖ్యమంత్రి పదవికి అప్పటి పేరు) అయ్యారు.

ఒక ప్రాంతపు అస్తిత్వం సముద్రాలు దాటి తన పని సాధించుకున్న అరుదైన సందర్భమిది. అయితే అక్కడ వాదనకు దిగినవి ఒడియా, తెలుగు భాషలు. కొండ మీద కువి భాష మాట్లాడే కోదు గిరిజనుల మాట ఎక్కడా వినిపించలేదు. 1936లో హద్దును ఎస్టేటు, తాలూకాల పేర్లతోనే రాశారు, కొటియా కొండలు మాత్రం సర్వేకు అందకుండా మిగిలిపోయాయి.

సర్వే జరగని ఆ ఊళ్లను ఒడిశాకు అప్పగించినట్టు ఆధారం లేదని, సాలూరు వైపు నుంచి రేషన్, పింఛన్లు అందుతున్నాయని, గ్రామస్థులు ఆంధ్ర పంచాయతీ ఎన్నికల్లో ఓట్లు వేశారని ఆంధ్ర వాదన. అవి తమ పొట్టంగిలోనివేనని ఒడిశా అంటోంది. ఒడిశా 1968లో వేసిన దావాను సుప్రీంకోర్టు 2006లో సాంకేతిక కారణాలపై కొట్టివేసింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మూడు గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు జరపగా, యథాతథ స్థితిని ఉల్లంఘించారంటూ ఒడిశా సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ వేసింది.

కొటియాలో నేటికీ చాలా కుటుంబాల చేతిలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్నాయి.