అంటార్కిటికాలో కాపురాలు ఎందుకు పెట్టించారు?

అంటార్కిటికాకు సొంత జనం లేరు, ఎప్పుడూ లేరు. అయినా ఇప్పుడు అక్కడ ఏడాది పొడవునా మనుషులు ఉంటున్నారు. పరిశోధన కోసమేనని అందరం చదువుకున్నాం. అది నిజమే కానీ సగం నిజం. మిగతా సగం, ఈ నేల మాదేనని అనిపించుకోవాలన్న దేశాల ఆరాటం.

ఇదంతా పోస్టాఫీసు దగ్గర మొదలైంది. 1903లో ఒక స్కాటిష్ బృందం దక్షిణ ఆర్క్‌నీ దీవుల్లో, లారీ దీవి మీద రాళ్లతో ఇల్లు కట్టుకుని చలినీ గాలినీ రోజూ కొలిచి రాసుకోవడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఆ ఇంటిని అర్జెంటీనాకు అప్పగించారు. 1904 ఫిబ్రవరి 22న అక్కడ అర్జెంటీనా జెండా ఎగిరింది, పంపిన కొద్దిమందిలో ఉన్న హ్యూగో అకున్యా అనే కుర్రాడికి తపాలా బాధ్యత కూడా ఇచ్చారు. జనమే లేని దీవికి పోస్టాఫీసు ఎందుకంటారా? తపాలా ముద్ర పడిందంటే అక్కడ సర్కారు ఉన్నట్టే లెక్క. 1944లో, ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, బ్రిటన్ పోర్ట్ లాక్‌రాయ్‌లో, డిసెప్షన్ దీవిలో రహస్యంగా స్థావరాలు పెట్టి సరిగ్గా ఇదే పని చేసింది.

1959 డిసెంబర్ 1న 12 దేశాలు అంటార్కిటిక్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని నాలుగో అధికరణం పాత హక్కుల వాదనలను ఎక్కడివక్కడ ఆపేసింది, ఒప్పందం అమల్లో ఉండగా అక్కడ ఎవరు ఏం చేసినా అది కొత్త హక్కుకు ఆధారం కాదని తేల్చేసింది. అయినా పోటీ ఆగలేదు. 1977 చివర్లో అర్జెంటీనా ఏడు నెలల గర్భిణిని ఎస్పెరాంజా స్థావరానికి విమానంలో తీసుకెళ్లింది, 1978 జనవరి 7న ఎమిలియో పాల్మా పుట్టాడు. ఆ ఖండంలో పుట్టిన మొదటి బిడ్డ. 1984లో చిలీ కింగ్ జార్జ్ దీవిలో వియ్యా లాస్ ఎస్ట్రెయ్యాస్ అనే ఊరే కట్టి, వైమానిక దళం వాళ్ల కుటుంబాలను కాపురం పెట్టించింది, పిల్లలకు బడి కూడా పెట్టింది. చట్టం దృష్టిలో ఈ కాన్పులకూ కాపురాలకూ విలువ సున్నా. ఆ మాట ఒప్పందంలో రాసిపెట్టి ఉండగా, పెద్దాసుపత్రి సముద్రం అవతల ఉన్న చోటికి నిండు గర్భిణిని పంపడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అక్కడ జబ్బు చేస్తే ఏమవుతుందో అప్పటికే అందరికీ తెలుసు. 1961 ఏప్రిల్ 30న సోవియట్ స్థావరం నొవొలాజరెవ్‌స్కయాలో 27 ఏళ్ల డాక్టర్ లియొనిద్ రోగొజొవ్‌కు అపెండిసైటిస్ ముదిరింది. ఓడ వెళ్లిపోయింది, మంచు తుఫానులో విమానం రాదు, ఉన్న ఒక్క డాక్టరూ తనే. ఒకరు అద్దం పట్టుకున్నారు, ఇంకొకరు పరికరాలు అందించారు, మత్తు కోసే చోట పొట్ట గోడకు మాత్రమే. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుండటంతో చాలావరకు చేతి స్పర్శతోనే వెతుక్కుంటూ, కళ్లు తిరిగినప్పుడల్లా కాసేపు ఆగుతూ, దాదాపు గంటా నలభై ఐదు నిమిషాల్లో తన అపెండిక్స్ తనే తీసేసుకున్నాడు. చిలీ ఊళ్లో ఎక్కువకాలం ఉండాలంటే పిల్లలు సహా అందరూ ముందే అపెండిక్స్ తీయించుకోవాలన్న నిబంధన పెట్టడం వెనక ఉన్నది కూడా ఆ దూరమే.

రోగొజొవ్ ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు కప్పని రాతినేల మీదే, కొన్ని కిలోమీటర్ల దూరంలో, 1989లో మన పరిశోధన స్టేషన్ మైత్రి వచ్చింది. అంతకుముందు కట్టిన దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయింది. అక్కడా పోస్టాఫీసు పెట్టాం కానీ నేల మాదని మాత్రం మనం ఎన్నడూ అనలేదు. 1956లోనే అంటార్కిటికా సంగతి ఐక్యరాజ్యసమితిలో చర్చించాలని అడిగిన దేశం మనది. అలాగని మనకేమీ అక్కర్లేదని కాదు. ఒప్పంద సభల్లో ఓటు కావాలంటే అక్కడ గట్టి పరిశోధన చేస్తున్నట్టు చూపించాలి, స్టేషన్ పెట్టడం దానికి ఒక దారి.

2012లో వచ్చిన మన మరో స్టేషన్ భారతి వల్ల మనకు నేరుగా ఉపయోగం ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో ఉన్న ఇస్రో యాంటెన్నాలకు రోజులో కొన్నిసార్లే అందుతాయి, భారతికి మాత్రం దాదాపు ప్రతి చుట్టులోనూ అందుతాయి. అక్కడ పట్టిన డేటా షాద్‌నగర్ చేరుతుంది. ఆ పని మీదే ఇస్రో నుంచి మంగళా మణి 2016లో వెళ్లి 403 రోజులు ఉన్నారు, 23 మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ.

భారతి ఉన్న చోటు తనదని ఆస్ట్రేలియా, మైత్రి ఉన్న చోటు తనదని నార్వే ఇప్పటికీ అంటున్నాయి. హక్కులు చెప్పుకున్న ఏడు దేశాల్లో ఒక్కటీ వెనక్కి తగ్గలేదు. అక్కడ స్టేషన్లు కట్టడానికి ఆ రెండు దేశాల అనుమతి మనకు అవసరం లేకపోయిందంటే, అది ఆ నాలుగో అధికరణం వల్లే.