స్కీ కొండ మీద నడక: అపోహలు - వాస్తవాలు

దూరపు కొండలు నునుపు అన్న సామెత, చలికాలంలో జనం మంచు మీద జారే స్కీ కొండలకి సరిపోయినట్టు ఇంక దేనికీ సరిపోదేమో. వేసవిలో కింద పార్కింగ్‌లో నిలబడి చూస్తే అడవి మధ్యలో పచ్చటి గడ్డి పట్టీలు, వాటి మీదుగా చైర్‌లిఫ్ట్ తీగలు, పైన ఒక కేఫ్, అచ్చం పార్కులాగే ఉంటుంది, అందుకే జనం కాన్వాస్ షూస్ వేసుకుని చేతిలో అరలీటరు నీళ్ల సీసాతో వచ్చేస్తారు. గైడ్‌గా ఇలాంటి కొండలకి గ్రూపుల్ని తీసుకెళ్తుంటా, ప్రతి సీజన్‌లోనూ ఇవే మాటలు, సరే ఒకచోట రాసేద్దాం అనిపించింది.

అపోహ: ఈ గడ్డి పట్టీ, అదే స్కీ రన్, ఖాళీగానే ఉంది కదా, దాని మీదే నేరుగా ఎక్కేస్తే దగ్గర దారి.

దగ్గరే, కాదనను, కానీ అది దారి కాదు. దాన్ని చదును చేసింది జారడానికి. పైనుంచి నీళ్లు పోస్తే ఎటు పారతాయో రన్ కూడా దాదాపు అటే దిగుతుంది. యూరప్‌లో రన్ ఎంత కష్టమో రంగుతో చెప్తారు, ఎరుపు రన్ అంటే వాలు 40 శాతం దాకా ఉండొచ్చు, అంటే 100 మీటర్లు ముందుకి పోయేసరికి 40 మీటర్లు పైకి ఎక్కాలి, నలుపు అయితే ఇంకా నిటారు. కాలిబాట వేసేవాళ్లు మాత్రం సగటున 10 శాతం దాటకుండా చూసుకుంటారు, అందుకే అది అన్ని మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలు చూసి విసుక్కుని అడ్డంగా కోసుకుంటూ పోయేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్ల అడుగులు పడ్డచోట గడ్డి చస్తుంది, తర్వాతి వానకి నీళ్లు ఆ గీతనే పట్టుకుంటాయి, రెండు మూడేళ్లకి అది వాగు అవుతుంది. అంత ఎత్తులో మట్టి పలచన, మొక్కలు పెరిగే కాలం తక్కువ, ఒకసారి పోయిన గడ్డి మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకోటి, ఆ గడ్డి కింద ఏముందో పైకి కనపడదు. వాన నీళ్లు మళ్లించడానికి అడ్డంగా తవ్విన కాలవలు, కృత్రిమ మంచు కొట్టే యంత్రాలకి నీళ్లిచ్చే హైడ్రాంట్లు, పైపులు, రాళ్లు. మడమ మెలిక పడేది ఇక్కడే, పెద్ద కొండచరియ మీద కాదు. పైగా రిపేర్లన్నీ వేసవిలోనే చేస్తారు కాబట్టి ట్రక్కులు తిరుగుతుంటాయి, కొన్నిచోట్ల కొన్ని బాటలు డౌన్‌హిల్ సైకిళ్లకే ఇచ్చేస్తారు, మలుపులో సైకిలువాడికి మీరు కనపడేసరికి లేటైపోతుంది. నడవకూడదు అని బోర్డు ఉంటే ఉన్నట్టే.

అపోహ: మ్యాప్‌లో నీలం గీత, అంటే ఈజీ.

స్కీ మ్యాప్ పట్టుకుని నడిచేవాళ్లతో వచ్చే తంటా ఇది. యూరప్ స్కీ మ్యాప్‌లో నీలం తేలికే. అదే స్విట్జర్లాండ్‌లో కాలినడక గుర్తుల దగ్గరికొస్తే పసుపు మామూలు బాట, తెలుపు-ఎరుపు-తెలుపు కొండ బాట, తెలుపు-నీలం-తెలుపు అన్నిటికన్నా కష్టమైనది, హిమానీనదాలు, చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన రాళ్లు అన్నీ అందులోనే. అదే కొండ, అదే నీలం, అర్థం మాత్రం తలకిందులు! వెళ్లిన చోట నడక మ్యాప్ వేరేగా అడిగి తీసుకోండి.

అపోహ: అలిసిపోతే లిఫ్ట్‌లో దిగిపోవచ్చు.

లిఫ్ట్‌ని ఆపేది గాలి, పిడుగు, ఆఖరి ట్రిప్పు టైము, ఈ మూడింటిలో ఏదీ మీ చేతిలో లేదు. మధ్యాహ్నం మబ్బు కమ్మితే ముందు ఆగేది అదే, సరిగ్గా మీకు అది కావాల్సిన టైములో. అందుకే దిగడానికి కూడా కాళ్లలో బలం మిగుల్చుకునే పైకి వెళ్లాలి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి, మర్నాడు మెట్లు దిగలేక ఏడ్చేది అందుకే. టైము లెక్కకి 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన పద్ధతే నేను ఇప్పటికీ వాడతా: 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 6 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే రెండు గంటల నలభై నిమిషాల పైనే, అదీ ఎక్కడా కూర్చోకుండా, ఫొటోలు దిగకుండా. మీ గ్రూపు సంగతి మీకే తెలుసు.

లిఫ్ట్‌లో పైకి వెళ్లి నడుద్దాం అంటే అది మంచి ఐడియానే, కాకపోతే ఫ్రాన్స్‌లో షామొనీ లాంటి చోట 1035 మీటర్ల నుంచి 3800 దగ్గరికి నిమిషాల్లో తీసుకెళ్లి దింపుతారు, ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. 2500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం మొదలైతే హీరోయిజం చూపించకుండా దిగిపోవడమే మందు. పైన చలి కూడా వేరు, 1000 మీటర్లకి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది, కింద టీషర్ట్ వాతావరణం చూసి జాకెట్ కార్లో వదిలేయకండి.

అపోహ: జూన్ వచ్చింది, మంచు ఎక్కడుంటుంది.

స్కీ కొండ మీదే ఉంటుంది! యంత్రాలు తొక్కి గట్టిపరిచిన మంచు, పైగా కృత్రిమ మంచు, పక్కన మామూలు మంచు కరిగిపోయాక కూడా మొండిగా ఉండిపోతాయి. పొద్దున అది గాజులా జారుతుంది, మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, వాగు మీద ఉంటే కింద డొల్ల. నీళ్ల చప్పుడు వినపడుతుంటే దాని మీద అడుగు పెట్టొద్దు.

అపోహ: చలికాలంలో స్కీయింగ్ ఆగాక సాయంత్రం రన్ మీద నడవొచ్చు, ఎవరూ ఉండరు.

ఎవరూ ఉండరని మీరు అనుకున్న టైములోనే మంచుని తొక్కి చదును చేసే గ్రూమర్ బండ్లు పని మొదలుపెడతాయి. నిటారు వాలుల్లో ఆ బండి పైన ఒక కొక్కేనికి కట్టిన ఉక్కు తీగ మీద వేలాడుతూ పనిచేస్తుంది, తీగ పొడుగు కిలోమీటరు కూడా ఉండొచ్చు. వదులుగా మంచులో పడి ఉన్నప్పుడు మీకు కనపడదు, బండి మలుపు తిరగ్గానే ఒక్కసారిగా బిగిసి పక్కకి కొడుతుంది. దూరంగా బండి లైట్లు కనపడ్డాయంటే తీగ మీ పక్కనే ఉండొచ్చు. అవలాంచ్ (కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడటం) ప్రమాదం లేకుండా చూసుకునే పని కూడా రన్ తెరిచి ఉన్నంతవరకే, మూసేశాక కాదు, ఎక్కువగా జారేవి 30 నుంచి 45 డిగ్రీల వాలులే, అంటే నలుపు రన్‌లలో నిటారు ముక్కలు. పైకి నడవడానికి ఏ బాట, ఏ టైము అన్నది చాలా స్కీ కొండలు బోర్డు పెట్టి మరీ చెప్తాయి, బోర్డు లేకపోతే టికెట్ కౌంటర్‌లో అడగండి, వద్దంటే వెనక్కి రండి.