తీపి మాయమైన పండు

గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే రాస్ప్‌బెర్రీ పళ్ళ బుట్టలో తల దూర్చినట్టు అనిపించింది. ఆ వాసనకే నోరు తీపికి సిద్ధమైపోయింది. తీరా గుక్క వేస్తే దవడల కింద జివ్వుమంది. ఒక కన్ను దానంతట అదే మూసుకుపోయింది. పక్కన మా స్నేహితుడు గ్లాసు కింద పెట్టేసి, "ఒరేయ్, వీళ్ళు పంచదార వెయ్యడం మర్చిపోయారేమో కనుక్కోరా" అన్నాడు.

మేమున్నది బ్రసెల్స్‌లో, దక్షిణ రైల్వే స్టేషన్ నుంచి నడిచివెళ్ళేంత దూరంలో ఉన్న కాంటియోన్ బ్రూవరీలో. 1900లో మొదలైన ఈ చోటు ఇప్పటికీ దాన్ని మొదలుపెట్టిన కుటుంబం చేతుల్లోనే ఉంది. గ్లాసులో ఉన్నది రోజె ద గాంబ్రినస్. లాంబిక్ అనే బీరును చెక్క పీపాల్లో ఊరబెట్టి, అందులో లీటరుకు దాదాపు 200 గ్రాముల రాస్ప్‌బెర్రీలు కలిపి చేస్తారు. అన్ని పళ్ళు పడ్డాక తియ్యగా ఉండాలి కదా అన్నది మావాడి వాదన. న్యాయమైన వాదనే. పండులో ఉన్న చక్కెర నిజంగానే గ్లాసు దాకా రాలేదు. దారిలో ఎవరో తినేశారు.

ఆ తిన్నవాళ్ళ కథ పీపాకంటే ముందే మొదలవుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అందులో సగానికి కొంచెం ఎక్కువగా పచ్చి గోధుమలు, ఏళ్ళ తరబడి నిలవ చేసి చేదు పోగొట్టిన హాప్స్ అనే పూలు. వీటన్నిటినీ గంటలకొద్దీ మరిగించి, ఆ వేడి రసాన్ని పైకప్పు కింద ఉన్న వెడల్పాటి రాగి తొట్టిలోకి వదిలేస్తారు. తొట్టికి మూత ఉండదు. రాత్రంతా చలిగాలికి చల్లారుతుంది. పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్‌ని ఎవరూ కలపరు. గాలిలో ఉన్నవి, పైకప్పు దూలాల్లో ఉన్నవి, ఆ తర్వాత పీపా చెక్కలో కాపురం ఉన్నవి, వాటంతట అవే వచ్చి చేరతాయి. అందుకే ఈ వంట చలి నెలల్లోనే. ఎండాకాలంలో రసం తొందరగా చల్లారదు, రాకూడనివి ముందుగా దూరతాయి. అక్కడ పీపాల మధ్య సాలెగూళ్ళు కూడా దులపరు. పళ్ళ వాసనకి వచ్చే ఈగల్ని సాలీళ్ళు చూసుకుంటాయి. మా అమ్మ చూస్తే ముందు చీపురు అందుకునేది.

ఈస్ట్ కలపకుండా పులియడం మనకేమీ కొత్త కాదు. తాటిచెట్టు మీద కట్టిన కుండలో జరిగేది అదే. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి మత్తు ఎక్కుతుంది, సాయంత్రానికి పుల్లగా మారి ముక్కుకి ఘాటుగా తగులుతుంది. కుండ గోడలకి అంటుకున్న పాత సూక్ష్మజీవులు కొత్త కల్లుని అందుకుంటాయి. ఇక్కడ పీపా చెక్క చేసే పనీ అలాంటిదే. అయితే మన ఎండలో, నేరుగా చక్కెరతో నిండిన కల్లులో ఒక్క పగటిలో ముగిసిపోయే పనికి, ఆ చల్లటి గదుల్లో రెండు మూడేళ్ళు పడుతుంది.

రెండు మూడేళ్ళూ ఒకే జీవి పని చెయ్యదు. మొదటి నెల పేగుల్లో ఉండే బాక్టీరియాకి చుట్టాలైనవి రాజ్యమేలతాయి. ఆ వయసులో ఆ రసాన్ని ఎవరూ తాగరు, తాగలేరు కూడా. తర్వాత మామూలు బీరు ఈస్ట్ వచ్చి, సులభంగా దొరికే చక్కెరని కొన్ని నెలల్లో ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. దాని వెనకే పీడియోకాకస్ అనే బాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పెరుగులో పులుపునిచ్చేదీ ఆ ఆమ్లమే. ఈ దశలో బీరు ఒక్కోసారి బెండకాయ జిగురులా తీగలు సాగుతుంది. బ్రూవరీ వాళ్ళు దీన్ని జబ్బు చేసిందంటారు. మందు వెయ్యరు, ఎదురు చూస్తారు. అసలు మందు ఆ తర్వాత వచ్చే జీవి దగ్గరే ఉంది.

దాని పేరు బ్రెటనోమైసిస్. 1904లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లౌసెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్ బీర్లలో ఈ ఈస్ట్‌ని గుర్తించి, బ్రిటిష్ ఫంగస్ అని అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. లాంబిక్‌లో ఉండే రకానికి మాత్రం బ్రసెల్స్ పేరే ఉంది. మామూలు ఈస్ట్ కొరకలేక వదిలేసిన పొడుగు చక్కెర గొలుసుల్ని ఇది నింపాదిగా తెంచుకు తింటుంది. ఆ జిగురునీ విరగ్గొడుతుంది. సరిగ్గా ఇలాంటి ఆకలిగొన్న గుంపు ఉన్న పీపాలోకి పళ్ళు వేస్తే ఏమవుతుంది? మళ్ళీ బుసబుసా పొంగి, కొన్ని నెలల్లో పండులోని తీపంతా ఖాళీ. రంగు, వాసన, పండు సొంత పులుపు మిగులుతాయి. పీపా అడుగున పళ్ళు పాలిపోయి, పిప్పిలా పడి ఉంటాయి.

అంటే ముక్కు చెప్పింది అబద్ధం కాదు, పాత సమాచారం. రాస్ప్‌బెర్రీ వాసన వచ్చిన ప్రతిసారీ తీపి తిన్న అనుభవం మనకుంది కాబట్టి మెదడు ఆ రెంటినీ ముడేసుకుంది. ఈ బీరు ఆ ముడి విప్పేస్తుంది. నాకు ఇందులో నచ్చిందే అది.

నాలుక సంగతికొస్తే, ఈ బీరు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.3, 3.5 మధ్య ఉంటుంది. పెరుగు సుమారు 4.5. ఒక్క అంకె తేడాయే కదా అనిపిస్తుంది కానీ, ఆ కొలతలో ఒక అంకె దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. ఆ అయాన్లు రుచి మొగ్గల్లోని కొన్ని కణాల్లోకి ఓటాప్1 అనే సన్నని ద్వారం గుండా దూరితే మనకి పులుపు తెలుస్తుంది. మనిషి చింతపండు చీకడం మొదలుపెట్టి ఎన్ని వేల ఏళ్ళయిందో గానీ, పులుపుకి ద్వారం ఇదేనని ఎలుకల మీద ప్రయోగాలతో తేలింది 2019లో.

పులుపు తర్వాత వచ్చేది వగరు. దీనికి మన భాషలో సొంత మాట ఉండడం ఎంత హాయో అక్కడ తెలిసింది. వగరు నిజానికి రుచి కాదు, స్పర్శ. రాస్ప్‌బెర్రీ గింజల్లోంచీ, కొంత చెక్కలోంచీ వచ్చిన టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. నోటిలో జారుడు తగ్గి, నాలుక అంగిలికి రాసుకుంటుంది. లేత జామకాయ కొరికినప్పుడు జరిగేది ఇదే. పాత పీపాలు కాబట్టి చెక్క వాసన మాత్రం పెద్దగా లేదు.

"నీకు పువ్వుల వాసన రావడం లేదా?" అని మావాణ్ణి అడిగాను. నాకు అడుగున సన్నగా ఏదో పూల వాసన తగులుతోంది. వాడు మూడుసార్లు పీల్చి, "పులిసిన మజ్జిగ వాసన తప్ప నాకేం లేదు" అన్నాడు. మేం వాదించుకున్నాం గానీ, ఇద్దరిదీ నిజమే అయ్యుండొచ్చు. రాస్ప్‌బెర్రీలో బీటా అయొనోన్ అనే పదార్థం ఉంటుంది. వాసన పట్టే ఒకే ఒక్క జన్యువులో తేడా వల్ల, కొందరికి అది పువ్వులా ఘుమఘుమలాడుతుంది, కొందరి ముక్కుకి దాదాపు అందదు.

ఇంతకంటే విచిత్రం వేరే చోట తాగిన ఒక పుల్లటి బీరులో చూశాను. గ్లాసులో ఏ దోషమూ లేదు. మింగిన పది, పదిహేను సెకన్లకి నోట్లో ఎలుక మూత్రం లాంటి కంపు మొదలైంది. పులిసిన పానీయాల్లో ఇది తెలిసిన లోపమే. ఆ కంపునిచ్చే పదార్థాలు ఆమ్లంలో ఉన్నంతసేపూ ఆవిరి కావు. లాలాజలం వచ్చి పులుపుని చల్లార్చాకే పైకి లేస్తాయి. అందుకే వాసన చూస్తే దొరకవు, మింగితే దొరుకుతాయి. ఆ గుంపులో ఒకటి బాస్మతి బియ్యానికి సువాసననిచ్చే పదార్థమేనని తర్వాత చదివి, వారం రోజులు బిర్యానీ కొంచెం అనుమానంగా తిన్నాను.

కాంటియోన్ గ్లాసులో ఆ బాధ లేదు. కానీ బీరు కొంచెం వెచ్చబడేసరికి పండు వెనక్కి జరిగి, ఇంకో వాసన ముందుకొచ్చింది. బ్రెటనోమైసిస్ సంతకం లాంటిది ఇది. ధాన్యంలోని ఆమ్లాలను అది ఇథైల్ ఫినాల్స్‌గా మారుస్తుంది. ఇంగ్లిష్‌లో రుచి చూసేవాళ్ళు దీన్ని గుర్రం మీద కప్పే కంబళి వాసన అంటారు. మా ఇద్దరిలో ఎవరమూ గుర్రాన్ని తాకిన పాపాన పోలేదు. మావాడు కళ్ళు మూసుకుని మళ్ళీ ఒక గుక్క తాగి, ఈసారి గ్లాసు కింద పెట్టలేదు.

"గొడ్ల సావిడిరా," అన్నాడు. "మా తాతయ్య వాళ్ళది. వాన పడ్డాక."