ఆ రక్తం ఎక్కడికి పోద్ది?

కుర్రాడు బడిలో ఎవరినో కొట్టొచ్చాడు. వాళ్ళ నాన్నదీ దురుసు చెయ్యే. ఇక మా విశాఖ పెదవాల్తేరులో అరుగు మీద పెద్దవాళ్ళ తీర్పు ఒకటే: "ఆ రక్తం ఎక్కడికి పోద్ది?"

రక్తం సంగతి న్యూజిలాండ్‌లో పరిశీలించారు. డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. ఎంఏఓఏ అనే జన్యువు సెరొటోనిన్, డోపమిన్ లాంటి మెదడు రసాయనాలను విడగొట్టే ఎంజైమును తయారుచేస్తుంది. కొందరిలో అది మందకొడిగా ఉంటుంది. 2002లో తేలిందేమిటంటే, ఆ మందకొడి రకం ఉండి, చిన్నప్పుడు హింసకు గురైన మగపిల్లలే పెద్దయ్యాక ఎక్కువగా హింసకు దిగారు. అదే జన్యువుతో పుట్టి, ఇంట్లో ఆదరణ దొరికినవాళ్ళలో ఆ పోకడ లేదు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఒక్క జన్యువుతో మనిషి నడవడి తేలిపోదు కూడా. నన్ను కదిలించింది మాత్రం ఆ రెండో గుంపే.

మరి ఇంట్లో చెయ్యి ఎప్పుడు లేస్తుంది? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మా తీరంలో మరబోట్ల చేపల వేట ఆగిపోతుంది. ఆ 61 రోజులూ హార్బర్ కూలి ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు. గాజువాకలో కాంట్రాక్టు పని పోయిన ఇంట్లోనూ అదే టెన్షన్. పేదవాళ్ళే పిల్లల్ని కొడతారని నేననను, మార్కుల కోసం కొట్టే డబ్బున్న ఇళ్ళు లేవా? కానీ ఇబ్బంది తగ్గితే పిల్లలకు మేలు జరుగుతుంది. అమెరికాలో గంటకు కనీస వేతనం ఒక డాలరు పెరిగితే, పిల్లల్ని పట్టించుకోవడం లేదన్న ఫిర్యాదులు దాదాపు పదో వంతు తగ్గాయని 2017లో ఒక అధ్యయనం తేల్చింది.

డబ్బొక్కటే చాలదు, తోడు కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో 1970ల చివర్లో, తొలి చూలు తల్లుల ఇళ్ళకు నర్సులు వెళ్ళేవారు. కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, ఆ ఇళ్ళలో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం కేసులు దాదాపు సగమే. అయితే భర్త చేతిలో తల్లి తరచూ దెబ్బలు తినే ఇళ్ళలో ఈ మేలు కనిపించలేదు. తల్లికి రక్షణ లేని చోట బిడ్డకూ లేదు.

మనకు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఇప్పటికే గుమ్మందాకా వస్తున్నారు. బిడ్డ బరువు రాసుకుంటారు. అప్పుడే తల్లిని పక్కకు పిలిచి, "నీకు నిద్ర పడుతోందా అమ్మా? ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా?" అని అడిగే తీరిక, శిక్షణ వాళ్ళకివ్వాలి. పక్కింట్లో పిల్లాడి ఏడుపు అనుమానంగా అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు.