తెలుగు మీడియం పిల్లలు, ఎం.ఏ. ఇంగ్లిష్, మధ్యలో గైడు: అపోహలు - వాస్తవాలు

తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ర్యాంకులు వచ్చాయంటే ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉంటుంది. మొన్న ఒకాయన చేశారు. "మేడం, మా పాప బీఎస్సీ బీజడ్‌సీ చదివింది. టెన్త్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు ఇంగ్లిష్ ఎమ్మేలో సీటొచ్చింది. చెయ్యగలుగుతదా? మా బామ్మర్ది వద్దంటుండు."

బామ్మర్దిగారు ఏం చదువుకున్నారని అడగబోయి ఊరుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను, మొదట డిగ్రీ పిల్లలకు, ఇప్పుడు పీజీకి. ఏటా ఇదే ప్రశ్న. అడిగే గొంతు మారుతుంది, వద్దనే బామ్మర్ది మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్ సాహిత్యం నేరుగా చదవలేరు, గైడు చదువుకుంటే సరిపోతుంది.

వినడానికి రెండు మాటలు. నిజానికి ఒకటే. మొదటి సగం భయపెడుతుంది, రెండో సగం ఆ భయానికి మందు అమ్ముతుంది. మా క్లాసులో పిల్లల్ని ఎక్కువగా ముంచేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

మొదటి వారం ఎలా ఉంటుందంటే, పిల్లకు చాసర్ అనే పాత కవి రాసిన ప్రోలాగ్, అంటే కావ్యానికి పీఠిక, చేతికిస్తాం. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్. స్పెల్లింగ్ చూడగానే ముఖం పాలిపోతుంది. అది కాన్వెంట్‌లో చదివిన పిల్లకూ అర్థం కాదన్న సంగతి ఈ అమ్మాయికి తెలీదు. తనొక్కతే వెనకబడిందనుకుని టెన్షన్ పడుతుంది. సాయంత్రానికల్లా జిరాక్స్ షాపుకు వెళ్లి సీనియర్ల నోట్సు స్పైరల్ బైండింగ్ చేయించుకుంటుంది. ఆదివారం కోఠీకి వెళ్లి సెమిస్టర్ గైడు తెచ్చుకుంటుంది. ఇక అంతే. రెండేళ్లూ గడిచిపోతాయి. ఫస్ట్ క్లాసూ వస్తుంది. ఒక్క నవల కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకుండానే సాహిత్యంలో పీజీ పట్టా చేతికొస్తుంది. నేను ఎవర్నీ ఎత్తిపొడవడం లేదు. పాస్ చేయించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

దెబ్బ తర్వాత తగులుతుంది. కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష యూజీసీ నెట్ ఉంది కదా, అందులో సబ్జెక్టు పేపరుకు 100 ప్రశ్నలు, 200 మార్కులు. పుట్టిన తేదీలు, పుస్తకాల వరసలు బట్టీ పట్టి కొన్నిటికి జవాబు గుర్తుపెట్టొచ్చు. చివర్లో ప్యాసేజీ ఇచ్చి అడిగేవాటికి బట్టీ ఏం చేస్తుంది? ఎప్పుడూ చూడని పద్యాన్ని చదివి అర్థం చేసుకోవడం ఒక అలవాటు. ఆ అలవాటు గైడులో దొరకదు. పైగా గైడులో ఉన్నదంతా నిజమన్న గ్యారంటీ కూడా లేదు. ఒకసారి వాల్యుయేషన్ క్యాంపులో నా బండిల్‌లో వరసగా పేపర్లు దిద్దుతున్నాను. ఒక పేపర్లో ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ 1805లో చనిపోయాడని ఉంది. పొరపాటులే అనుకున్నాను. తర్వాతి పేపర్లోనూ 1805లోనే పోయాడు. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే. పాపం ఆయన పోయింది 1850లో, ఎనభై ఏళ్ల వయసులో. ఎక్కడో ఒక గైడులో అంకెలు తారుమారయ్యాయి, దాంతో మా జిల్లా పిల్లలంతా కలిసి ఆయన ఆయుష్షు నలభై అయిదేళ్లు తగ్గించారు. పక్క టేబుల్ సార్‌కి చూపిస్తే, "నా దగ్గరా అంతే మేడం, సంతాప సభ పెడదామా?" అన్నారు. నవ్వుకున్నాం గానీ ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మరి నేరుగా చదివితే తెలుగు మీడియం పిల్లకు అర్థమవుతుందా? ఒక క్లాసు సంగతి చెబుతాను. అదే వర్డ్స్‌వర్త్, 1800లో అచ్చయిన ఒక చిన్న పద్యం, లూసీ అనే అమ్మాయి మీద రాసినవి, లూసీ పద్యాలంటారే వాటిలోది. మొత్తం ఎనిమిది పంక్తులు, నాలుగేసి పంక్తుల చొప్పున రెండు చరణాలు. మొదటి చరణంలో కవి మగతలో ఉన్నట్టుంటాడు. ఆమెను కాలం తాకలేదనిపించింది అంటాడు. రెండో చరణంలో ఆమెకు కదలిక లేదు, వినదు, చూడదు, రాళ్లతో చెట్లతో కలిసి భూమితో పాటు తిరుగుతోంది. పద్యం మొత్తంలో కష్టమైన మాట ఒక్కటే, డైయర్నల్. దాన్ని బోర్డు మీద రాసి "రోజువారీ" అని చెప్పి, గైడులు మూయించి, ఇరవై నిమిషాలు ఎవరి మానాన వాళ్లను చదువుకోమన్నాను.

వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి, సెమిస్టర్ మొత్తంలో నోరు విప్పనిది, చెయ్యెత్తింది. "మేడం, ఆమె చనిపోయిందని ఎక్కడా రాయలేదు కదా. పైన ఉన్నప్పుడు బతికే ఉంది, కిందకొచ్చేసరికి లేదు. మరి ఎప్పుడు పోయింది? మధ్యలో ఖాళీ వదిలిన చోట పోయిందా?"

ఆ పద్యం గురించి పెద్ద పెద్ద విమర్శకులు అన్న మాట దాదాపు అదే. చావు పద్యంలో లేదు, రెండు చరణాల మధ్య ఖాళీలో ఉంది. పై చరణం భూతకాలంలో ఉంది, కిందిది వర్తమానంలో. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల అక్కడికి వెళ్లింది. చివర్లో రాక్స్, స్టోన్స్, రెండూ రాళ్లే కదా, రెండెందుకు అని ఇంకో కుర్రాడు అడిగితే ఈ అమ్మాయే, "రాళ్లూ రప్పలూ అనమా?" అంది. క్లాసంతా నవ్వింది. అంతకంటే మంచి అనువాదం నాకు ఇప్పటికీ తట్టలేదు. వాళ్ల గైడులో ఈ పద్యానికి ఏముందో తర్వాత తీసి చూశాను. ప్రకృతి, మరణం, పాంథీయిజం (ప్రకృతే దేవుడనే భావన) అని మూడు పాయింట్లు. ఖాళీ గురించి ఒక్క ముక్క లేదు.

ఇదంతా పైనుంచి చెబుతున్న మాట కాదు. నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఎం.ఏ. మొదటి ఏడు హార్డీ నవల, టెస్ కథ, ముందేసుకుని ప్రతి కొత్త మాటకూ డిక్షనరీ తీసి, పెన్సిల్‌తో పైన తెలుగు అర్థం రాసుకునేదాన్ని. రోజుకు మూడు పేజీలు. పుస్తకం నల్లబడింది, కథ మాత్రం ఎక్కలేదు. ఒక రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో డిక్షనరీ అక్షరాలు ఆనక విసుగొచ్చి, అర్థమైనంతే అర్థమైందని చదువుతూ పోయాను. నాలుగో అధ్యాయంలో వాళ్ల గుర్రం చచ్చిపోతుంది. చీకట్లో టపా బండి వచ్చి గుద్దుతుంది, ఆ పిల్ల కారుతున్న నెత్తుటికి చెయ్యి అడ్డం పెడుతుంది. ఆ గుర్రం లేకపోతే వాళ్ల ఇల్లు గడవదు. మా ఇంట్లో కాడెద్దు చచ్చిన ఏడాది మా నాన్న ఎలా కూర్చున్నాడో నాకు గుర్తొచ్చింది. ఆ పేజీలో నాకు తెలియని మాటలు ఇరవై దాకా ఉండి ఉంటాయి. ఏడవడానికి అవేవీ అడ్డం రాలేదు.

అందుకే మా పిల్లలకు చెప్పేది ఇంతే. మొదటిసారి డిక్షనరీ ముట్టుకోవద్దు. ఒక అధ్యాయం ఆగకుండా చదవండి, ఏం జరిగిందో తెలుగులోనే రెండు మాటల్లో చెప్పుకోండి. రెండోసారి చదివేటప్పుడు మళ్లీ మళ్లీ అడ్డం పడే మాటలకే అర్థం చూడండి, పేజీకి అయిదు దాటకుండా. పద్యాన్ని పైకి చదవండి. చాసర్‌కి, షేక్‌స్పియర్‌కి పక్కన ఆధునిక ఇంగ్లిష్ పాఠం పెట్టుకుంటే తప్పు లేదు, అది గైడు కాదు, చేతికర్ర. వారానికో పేజీ సొంతంగా రాసి ఎవరికైనా చూపించండి, తప్పుల తడకైనా సరే. నేను దిద్దిన వాటిలో, గైడు నుంచి దించిన నున్నటి పేరా కంటే తప్పులున్న సొంత పేరాకే ఎక్కువ మార్కులు వేశాను. పుస్తకాలకు డబ్బుల్లేవంటారా, ఆ పాత రచయితల పుస్తకాలన్నీ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, చట్టబద్ధంగానే. గైడు ధర కూడా మిగులుతుంది.

గైడు అసలే ముట్టొద్దా అంటే, పరీక్షకు పది రోజుల ముందు ప్రశ్నల తీరు ఎలా ఉంటుందో చూసుకోవడానికి ముట్టుకోండి. పుస్తకం చదివాక.

ఇక మిగతావి గబగబా.

అపోహ: ఎం.ఏ. ఇంగ్లిష్ చేస్తే ఇంగ్లిష్ గడగడా మాట్లాడటం వచ్చేస్తుంది. రాదు. మాట్లాడితేనే మాట్లాడటం వస్తుంది. నాకు తెలిసిన మంచి పాఠకుల్లో కొందరు ఇప్పటికీ తడబడుతూనే మాట్లాడతారు. దడదడా మాట్లాడేవాళ్లలో ఒక సానెట్ ఇస్తే బిక్కమొహం వేసేవాళ్లూ ఉన్నారు.

అపోహ: డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ లేకపోతే ఎం.ఏ.కి తీసుకోరు. మా క్లాసులో బీఎస్సీ, బీకాం వాళ్లే సగానికి పైన. నోటిఫికేషన్‌లో అర్హత కాలమ్ చదువుకోండి. పక్కింటివాళ్లు చెప్పింది కాదు, నోటిఫికేషన్.

అపోహ: షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లిష్. ఇది విన్నప్పుడల్లా నాకు బీపీ పెరుగుతుంది. ఓల్డ్ ఇంగ్లిష్ అంటే బేవుల్ఫ్ అనే ప్రాచీన కావ్యం కాలపు భాష, ఇంగ్లండ్ వాళ్లకు కూడా విడిగా నేర్చుకుంటే తప్ప ముక్క అర్థం కాదు. షేక్‌స్పియర్‌ది ఎర్లీ మోడర్న్. అంటే మన ఇంగ్లిష్‌కి తాతే గానీ, ఆదిమానవుడు కాదు.

అపోహ: ఇంగ్లిష్‌లో ఎదగాలంటే తెలుగు చదవడం మానెయ్యాలి. బుచ్చిబాబు ఇంగ్లిష్ లెక్చరర్‌గా పనిచేశారు. మధురాంతకం నరేంద్ర తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఇద్దరూ ఏ భాషలో కథలు, నవలలు రాశారో మీకు తెలుసు.

అపోహ: ఇది తెల్లవాళ్ల చదువు, మనకెందుకు. ఇందులో కొంత నిజముంది కాబట్టి విసుక్కోను. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం డిగ్రీ సబ్జెక్టుగా నిలబడింది 1890లలో. అంతకు దశాబ్దాల ముందే మన దేశంలో కాలేజీ కుర్రాళ్లు షేక్‌స్పియర్ మీద పరీక్షలు రాస్తున్నారు. అది మన మీద ప్రేమతో కాదు, పాలించేవాళ్ల అవసరం. అదంతా ఇప్పుడు నెట్ సిలబస్‌లోనే ఉంది, "భారతదేశంలో ఇంగ్లిష్" అని ఒక యూనిట్టే పెట్టారు. ఇంగ్లిష్‌లో నవలలు రాసిన మన రాజారావు, నైజీరియా అచెబె కూడా పాఠాలుగా వస్తారు. తిట్టాలనుకున్నా చదివి తిట్టొచ్చు.

అపోహ: టీచర్ ఉద్యోగం తప్ప వేరే దారి లేదు. దీని తమ్ముడు: ఎం.ఏ. ఇంగ్లిష్‌కి ఉద్యోగం గ్యారంటీ. రెండూ బామ్మర్దుల మాటలే. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం (ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 50), దాంతో పాటు నెట్ లేదా రాష్ట్ర స్థాయిలో అలాంటిదే అయిన సెట్, లేదంటే పీహెచ్‌డీ ఉండాలి. స్కూలుకైతే బీఈడీ. మా పాత విద్యార్థుల్లో సబ్‌టైటిల్స్ రాసేవాళ్లున్నారు, కంపెనీల్లో ట్రైనింగ్ మాడ్యూల్స్ రాసేవాళ్లున్నారు, పుస్తకాలు ఎడిట్ చేసేవాళ్లున్నారు, అనువాదాలు చేసేవాళ్లున్నారు. రెండేళ్లు ఖాళీగా ఉండి ఏడ్చినవాళ్లూ ఉన్నారు. ఈ పనుల్లో చాలావాటికి ఇంటర్వ్యూలో ఒక పేజీ ఇచ్చి, చదివి ఏమనిపించిందో రాయమంటారు. మళ్లీ మొదటి అపోహ దగ్గరికే వచ్చాం.

ఆ ఫోన్ చేసినాయనకు ఇవన్నీ చెప్పలేదు. "చేస్తుందండీ, చేర్పించండి" అన్నాను. తర్వాత పాపకు ఫోనిమ్మన్నాను. క్లాసులు మొదలయ్యేలోపు ఏం చదవమంటారు మేడం అని అడిగింది. తేలిక ఇంగ్లిష్, మన ఊళ్ల లాంటి ఊరు, అందులోనూ మంచి కథ కాబట్టి ఆర్.కె.నారాయణ్ రాసిన ది గైడ్ చదవమన్నాను. పేరు రెండుసార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున వాళ్ల నాన్న వాట్సాప్‌లో ఫొటో పంపారు. ఇటుకంత మందాన, ఎర్ర అట్టతో, ఎం.ఏ. ఇంగ్లిష్ ఫస్ట్ సెమిస్టర్ ఆల్ ఇన్ వన్. కింద ఇలా రాశారు: "గైడ్ దొరికింది మేడం. షాపాయన ఇదే మంచిదన్నడు. తీసుకోమంటారా?"