పదకొండు కిలోమీటర్లతో భూమిని కొలిచిన జాఁ పికార్

"భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లంటారు. అంత దూరం టేపు పట్టుకుని ఎవరు నడిచారు సార్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు అడిగింది. ఎవరూ నడవలేదమ్మా! 1669-70లో జాఁ పికార్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త నేల మీద కర్రలు పరిచి కొలిచింది దాదాపు పదకొండు కిలోమీటర్లే.

పారిస్‌కి దక్షిణాన విల్‌జ్విఫ్ నుంచి జువిసీ దాకా తిన్నటి రోడ్డు ఉంది. అక్కడ కర్రలు వరసగా పరుచుకుంటూ పోతే 5663 త్వాజులు తేలింది. త్వాజు అంటే ఆరు పారిస్ అడుగులు, సుమారు 1.95 మీటర్లు. ఆ తర్వాత పనంతా కోణాలదే. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్కలోనే వచ్చేస్తాయి. అలా వచ్చిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. ఇలా 13 త్రిభుజాలతో దక్షిణాన మాల్వ్వాజిన్ నుంచి ఉత్తరాన ఆమియాఁ దగ్గరి సూర్దోఁ దాకా వెళ్లాడు. ఈ లెక్కకు పనికొచ్చే సైన్ సూత్రాన్ని మనం మార్కుల కోసం బట్టీ పట్టిస్తాం. పిల్లల్ని మేడెక్కించి, ఊరి గుడి గోపురం ఎంత దూరమో కోణాలతో కనుక్కోమంటే ఆ సూత్రం జన్మలో మరిచిపోరు.

ఇక ఆ దూరంలో భూమి ఎన్ని డిగ్రీలు వంగిందో తేలాలి. శర్మిష్ఠ మండలంలోని ఒక నక్షత్రం ఆకాశంలో బాగా పైకి వచ్చినప్పుడు నడినెత్తికి ఎంత దూరంలో ఉందో రెండు కొసల్లోనూ చూశాడు. ఆ రెండు కోణాల తేడాయే భూమి వంపు. అసలు టెన్షన్ ఇక్కడే. మామూలు కంటికి ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కంటే చిన్న కోణం సరిగా తెలియదు. ఆకాశంలో ఒక నిమిషం తప్పితే నేల మీద 1.85 కిలోమీటర్లు తప్పినట్టే! అందుకే పికార్ కోణమానినికి దుర్భిణి బిగించాడు. వస్తుకటకం, అంటే దుర్భిణి ముందుండే కటకం, ప్రతిబింబం ఏర్పరిచే నాభితలంలోనే అడ్డంగా, నిలువుగా సన్నని దారాలు పెడితే, దారాలూ నక్షత్రమూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. గెలీలియో దుర్భిణిలో ఇది కుదరదు. కంటి దగ్గరుండే దాని పుటాకార అక్షికటకం, ప్రతిబింబం ఏర్పడకముందే కిరణాలను మళ్లించేస్తుంది, దారం పెట్టడానికి చోటే ఉండదు. ఎంత చిన్న మార్పు, ఎంత పెద్ద ఫలితం! ఒక సెకను కోణం (నిమిషంలో అరవయ్యో వంతు) అంటే నేల మీద 31 మీటర్లు. పికార్ లెక్క ఆ స్థాయికి దిగింది.

ఒక డిగ్రీకి 57,060 త్వాజులని తేల్చాడు. అంటే 111.2 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలతో గుణిస్తే ఆ 40 వేల కిలోమీటర్లు వచ్చేస్తాయి. ఆ అక్షాంశం దగ్గర నేటి కొలతా దాదాపు అంతే.

పికార్ 1682లో చనిపోయాడు. అయిదేళ్ల తర్వాత న్యూటన్ తన ప్రిన్సిపియా గ్రంథంలో, చంద్రుణ్ణి పట్టి ఉంచే బలమూ వస్తువులను కింద పడేసే బలమూ ఒకటేనని చూపడానికి భూమి చుట్టుకొలతను 12,32,49,600 పారిస్ అడుగులుగా తీసుకున్నాడు. ఆ అంకెను 360తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 6తో భాగించి చూడండి.